గోడ దాకా వచ్చిన పిలుపు

మా ఆయన అక్క, హనుమంతమ్మ వదిన ఇల్లు కళ్ళెదురుగా కనిపిస్తూనే ఉంది. మిద్దె మీద నీలం నీళ్ళట్యాంకు, పక్కనే తీగ మీద గాలికి వేసిన పట్టుచీర. అది మా మగ్గం మీద నేసిన చీరే. ఆ అంచును నేను ఎంత దూరం నుంచైనా పోల్చుకుంటాను. చీరను పోల్చుకునేంత దగ్గరికి వచ్చాం కానీ, ఆ చీర కట్టుకునే మనిషి దగ్గరికి ఎలా వెళ్ళాలో కారులో ఉన్న ముగ్గురిలో ఒక్కరికీ తెలియడం లేదు.

మధ్యలో గోడ. మనిషెత్తుకు కాస్త పైనే ఉంది, మీద గాజుపెంకులు గుచ్చి ఉన్నాయి. నున్నటి సిమెంటు రోడ్డు నేరుగా వచ్చి ఆ గోడకు తగిలి ఆగిపోయింది. డ్రైవరు వెంకటరాముడు ఫోను చూశాడు, గోడ చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు.

“ఫోను వచ్చేసినామంటాండాదన్నా,” అన్నాడు మా ఆయనతో.

“అయితే దాన్నే దిగి పొమ్మను,” అన్నాను వెనక సీట్లోంచి.

మా ఆయన తిరుపాల్ పట్టుపంచె కట్టుకుని, పూలూ పండ్లూ ఉన్న పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, తన పెండ్లికే పోతున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు. కాసేపటికి పళ్ళెం పక్కన పెట్టి దిగాడు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ ఇంటివైపు చూశాడు. అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. తిరిగొచ్చి కూర్చుని, “తిప్పప్పా, ఇంకో దోవ ఉంటాది,” అన్నాడు.

మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. మా అమ్మాయి మంజులత పెండ్లి పెట్టుకున్నాం. పెండ్లిపిలుపు దేవుడి తర్వాత మొదట ఆడపడుచుకే అందాలన్నది మా ఇంటి పద్ధతి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయి, ఆమె వాకిట్లో నిలబడి, కుంకుమ పెట్టి పిలవాలి. ఆమె వస్తానన్నాకే ఇంకో ఇంటి గడప తొక్కాలి. పసుపు దంచేటప్పుడు రోకలి మొదట ఎత్తేదీ ఆమే. హనుమంతమ్మ వదిన అలిగి కూర్చుంటే మా ఇంట్లో పెండ్లి పని మొదలే కాదు. శుభలేఖల కట్టలు విప్పకుండా బీరువా మీద అలాగే ఉన్నాయి.

ఫోన్ చేసి దారి అడగొచ్చు కదా అంటారు. నేనూ అదే అన్నాను. చిక్కంతా అక్కడే ఉంది.

పోయిన వేసవిలో కదిరిలో ఒక పెండ్లికి పోయినప్పుడు, బంధువులందరి ముందూ వదిన ఒక మాట అంది. “మా తిరుపాలుకు నా ఇంటికి దారి మరుపొచ్చిందమ్మా” అని. గృహప్రవేశానికి వెళ్ళడమే, మళ్ళీ మేము ఆ ఇంటి ముఖం చూడలేదు. మగ్గం మీద కూర్చున్నవాడికి లేచే తీరిక ఎక్కడిది? ఆమె నవ్వుతూనే అంది. ఈయన మాత్రం ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆ అక్కే. “అక్క ఇంటికి దారి అడుక్కునే తమ్ముణ్ణా నేను? ఆ మాటే నిజమనిపించుకోవాల్నా?” అని ధర్మవరంలో కారెక్కేటప్పుడే ఖచ్చితంగా చెప్పేశాడు. ఫోను ఎత్తకూడదు, దారి అడగకూడదు. వదిన కొడుకు సుధాకర్ ఎప్పుడో పంపిన లొకేషన్ ఒకటి ఉంటే, దాన్ని వెంకటరాముడి ఫోనులో పెట్టుకుని బయల్దేరాం.

పెనుకొండలో మా పిన్నమ్మ కూతురు జయలక్ష్మమ్మ ఉంది. మామూలుగా అయితే ఆమె ఇంట్లో కాఫీ తాగందే మమ్మల్ని కదలనివ్వదు. ఆడపడుచుకు పిలుపు అందకముందు ఆ గడప ఎలా తొక్కుతాం? ఊళ్ళోకి పోకుండా హైవే మీదే పోయాం. ఎందుకైనా మంచిదని, కొండ దాటేదాకా నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ తర్వాత తీరిగ్గా, వదినకు ఏమేం చెప్పాలో మాటలు కూర్చుకుంటూ వచ్చాను. పెండ్లికొడుకు వాళ్ళు హిందూపురం అవతల, చిలమత్తూరు పోయే దిక్కున, కొత్త లేఅవుటులో ఇల్లు కట్టుకున్నారు. చుట్టూ ఎత్తైన ప్రహరీ, ముందు పెద్ద గేటు, గేటు దగ్గర కాపలా మనిషి. మా వీధిలో ఈ సంగతి నేను చెప్పని ఇల్లు లేదు.

హిందూపురం దగ్గరికొచ్చాక మా ఆయన ముందుకు వంగి కూర్చున్నాడు. “ఈ ఊరు నాకు తెలీనిదా? చీరల మూట భుజాన ఏసుకోని తిరిగినోణ్ణి. ఏ సందులో దూరినా మార్కెట్ కాడ తేలేవాణ్ణి,” అన్నాడు. గృహప్రవేశం నాడు మేమెక్కిన ఆటో మెయిన్ రోడ్డు దిగి, శెనక్కాయ చేన్ల మధ్య బండిబాటలో నేరుగా పోయి వదిన వాకిట్లో ఆగింది. అప్పుడు అక్కడ ఆ ఇల్లొక్కటే ఉంది, చుట్టూ పాతిన రాళ్ళు ఉన్నాయి. ఈయన వెదుకుతున్నది ఆ బండిబాటనే.

ఆ చేన్లు ఇప్పుడు లేవు. వాటి స్థానంలో ఆర్చీలు మొలిచాయి. ప్రతి ఆర్చీ మీదా రెండు సిమెంటు ఏనుగులు, కింద ఏదో గార్డెన్ అని పేరు. లోపల గడ్డిపోచ ఉంటే ఒట్టు. ఒక ఆర్చీలో దూరితే ఫస్ట్ క్రాస్, సెకండ్ క్రాస్ అని బోర్డులు. పక్క ఆర్చీలో దూరినా అవే బోర్డులు, అవే ఇళ్ళు, అదే గోధుమరంగు గేట్లు. ఎవరి భూమి ఎందాకా ఉంటే వాళ్ళ రోడ్డు అందాకా పోయి ఆగిపోయింది. పక్కవాడి రోడ్డుతో కలపాలని ఒక్కడికీ తోచలేదు.

రెండో ఆర్చీలోంచి వెళ్ళాం. ముళ్ళకంచె ఎదురైంది. వెనక్కి మెయిన్ రోడ్డెక్కి మూడో ఆర్చీలో దూరి, కుడికి తిరిగి, ఎడమకు తిరిగి, ఈసారి తప్పకుండా చేరతాం అనుకునేసరికి అదే గోడ, దాని వెనక అదే నీలం ట్యాంకు.

“ఇది ఇందాకటి గోడేనా?” అన్నాను.

“కాదేమో,” అన్నాడు మా ఆయన.

“గాజుపెంకులు అవే గదక్కా,” అన్నాడు వెంకటరాముడు.

మళ్ళీ వెనక్కి తిరిగాం. ఇప్పుడు నాకు ఆ ఇల్లు కుడివైపు ఉందో ఎడమవైపు ఉందో కూడా తెలియకుండా పోయింది. ఎండ ముఖాన కొడుతుంటే తూర్పుకు పోతున్నామనుకున్నాను, అంతలోనే ఎండ వీపు మీదికి వచ్చింది. మా ఆయన చేతులతో గాలిలో ఏవో గీతలు గీసుకుంటున్నాడు. “అన్నీ నిలువు పోగులే హేమా. అడ్డపోగు ఒక్కటి లేదు. ఇట్ల నేస్తే చీర నిలుస్తాదా?” అన్నాడు. నాకు చీర గోల పట్టలేదు. కోపంగా ఉంది, ఏడుపు వస్తోంది, కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఒక మనిషి ఇల్లు ఇంత స్పష్టంగా కనపడుతూ ఇంత దూరంగా ఎలా ఉంటుందో నాకు అర్థం కావడం లేదు.

“అడుగుదాం. మీ అక్కను వద్దు, ఎవురినో ఒకర్ని,” అన్నాను.

“ఎవురినడిగినా అడిగినట్లేలే,” అన్నాడాయన.

ఇంకోసారి అదే గోడ దగ్గర తేలినప్పుడు, ఆ వీధి చివరి ఇంట్లోంచి ఒకామె బయటికి వచ్చింది. చేతిలో చేట ఉంది. మా కారుకు అడ్డంగా నిలబడింది.

“ఎవురమ్మా మీరు? పొద్దుట్నించి వస్తాండారు, గోడ చూసి పోతాండారు. గోడ గాని కొంటారా ఏంది?”

నేను దిగాను. పెండ్లిపిలుపులకు బయల్దేరిన ఆడదాని చెయ్యి దాని మాట వినదు. ఎదురుగా ఆడమనిషి కనపడగానే నా వేలు కుంకుమభరిణెలోకి పోయింది. “యేయ్, ఆగు! అక్కకు పెట్టకముందే ఇంకొకరికా?” అని కారులోంచి ఈయన కేక పెట్టాడు. నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఆమె నవ్వేసింది. “నాకొద్దులేమ్మా. మేం చర్చికి పోయేవాళ్ళం, పెట్టుకోం. నా పేరు దాసమ్మ. ఎవురింటికి రావాల మీరు?”

“హనుమంతమ్మ అని... ఆ ఇంటికి.” గోడ మీదుగా చూపించాను.

ఆమె ముఖంలో నవ్వు పోయింది. “అయ్యో, హనుమంతక్క తమ్ముడా మీరు? ప్లాట్లు చూసేవాళ్ళనుకుంటినే! ఆయక్క మిద్ది మీద నుంచి మిమ్మల్నే చూస్తాండె గదమ్మా! ‘మా తిరుపాలు వచ్చినాడు దాసమ్మా, దిగినాడు, నా ఇంటిదిక్కు చూసినాడు, మళ్ళీ కారెక్కి పోయినాడు’ అని గోడకాడికొచ్చి నాతో ఒకటే ఏడుపు. మళ్ళొచ్చిరి, మళ్ళీ తిరుక్కోని పోతిరి. ఎంత కోపముంటే మాత్రం ఇంటిదాకా వచ్చి అట్ల పోతారా ఎవురైనా?”

నేను మిద్దె వైపు చూశాను. తీగ మీద చీర లేదు. మేము దారి వెదుక్కుంటున్నామని మేమనుకున్నాం. పైనుంచి చూసే మనిషికి, తమ్ముడు గుమ్మం దాకా వచ్చి మాటిమాటికీ ముఖం తిప్పుకుని పోతున్నట్టు కనపడింది. ఆమెదీ తప్పు కాదు. గోడ ఇటువైపు ఉన్నవాళ్ళకు దారి లేదని అటువైపు మనిషికి ఎలా తెలుస్తుంది?

గోడను ఆనుకుని దాసమ్మ బట్టలుతికే బండ ఉంది. దాని మీదికి ఎక్కితే గాజుపెంకుల మీదుగా తల కనపడుతుందట. వాళ్ళిద్దరూ రోజూ మాట్లాడుకునేది అలాగే, కూరా నారా ఇచ్చిపుచ్చుకునేదీ అలాగే. మా ఆయన చెప్పులు విడిచి, పట్టుపంచె ఎగ్గట్టి బండ ఎక్కాడు.

“అక్కా! అక్కా!”

కాసేపటికి అవతల ఏదో స్టూలు లాగిన చప్పుడైంది. పెంకుల మీదుగా నెరిసిన పాపిట, బొట్టు, ఎర్రబడిన రెండు కళ్ళు కనపడ్డాయి. నేను గోడకు దూరంగా జరిగి నిలబడ్డాను కాబట్టి నాకూ కనపడ్డాయి.

“ఏం తిరుపాలూ? నవ్వులాటకు ఒక మాటంటే, ఇంటి ఎనకాలికొచ్చి మూతి చూపించి పోతావా? నువ్వు నన్ను పిల్సను రాలేదు, ఏడిపించను వచ్చినావు. నాకొద్దు నీ పిలుపు, పో.”

నేనే చెప్పేద్దామనుకున్నాను. ఈయన పంతం సంగతి, ఏనుగుల సంగతి, అన్నీ. అంతలో ఈయనే నోరు విప్పాడు. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

“దారి తెలీలేదక్కా.”

“ఏందీ?”

“నీ ఇంటికి దారి తెలీలేదు. యాడ తిరిగినా ఈ గోడకాడికే వస్తాండాం. నిన్ను అడగాలంటే సిగ్గైంది.”

ఆ కళ్ళు తమ్ముణ్ణి అలాగే చూస్తూ ఉన్నాయి. తర్వాత వదిన గొంతు మారింది. “ఆడనే నిలబడు. కదలాకు. నేనే వస్తా,” అంది. తల కిందికి దిగిపోయింది.

మా ఆయన బండ దిగి నా పక్కకు వచ్చాడు. కళ్ళల్లో నీళ్ళు. “నన్ను చిన్నప్పుడు కదిరి తిరణాలకు తీసుకపోయినప్పుడు అదే చెప్పేది హేమా. తప్పిపోతే అటూ ఇటూ తిరగొద్దు, ఉన్నచోటే నిలబడు, నేనే ఎతుక్కుంటా వస్తా అని.” నిజంగానే గోడ పక్కన కదలకుండా నిలబడ్డాడు. దాసమ్మ నీడలోకి రమ్మన్నా రాలేదు.

మేము ఎదురు చూశాం. దాసమ్మ మజ్జిగ ఇచ్చింది. వెంకటరాముడు కారు అద్దాలు తుడిచి, మళ్ళీ తుడిచాడు. వీధి ఆ చివర ఎవరు కనపడ్డా లేచి చూశాం. పళ్ళెంలో పూలు వాడిపోతున్నాయి. వదిన రాలేదు.

“గోడకు ఆ పక్కనుంచి ఈ పక్కకు రాను ఇంత సేపా?” అన్నాను.

“నేను ఆ పక్కకు ఎప్పుడూ పోలేదమ్మా,” అంది దాసమ్మ. “ఎట్ల పోవాల్నో నాకూ తెలీదు.”

అప్పుడు మా ఆయన జేబులోంచి ఫోను తీశాడు. పొద్దుటి నుంచి ముట్టుకోని ఫోను. స్పీకరు పెట్టాడు.

“అక్కా, యాడుండావు?”

అవతల గాలి చప్పుడు, ఆయాసం. “తెలీదు రా.”

“తెలీకపోవడమేంది? నీ ఇల్లే గదా!”

“ఇల్లు తెలుసు. రోడ్డు తెలీదు. మా సుధాకర్ బండి మీద ఎక్కించుకోని పోతాడు, బండి మీద తెచ్చి దింపుతాడు. నేను ఒక్కదాన్నే ఎప్పుడు బయటికొచ్చినా? ముందు చేన్లో నడిచి మెయిన్ రోడ్డుకు పోయేదాన్ని, అంగట్లో కూరాకు తెచ్చుకునేదాన్ని. గోడ కట్టినాంక ఇంట్లోనే ఉండాను. నాకు తెలిసిన దారి అదొక్కటే రా తిరుపాలూ. ఎనక్కి పోదామంటే ఇప్పుడు మా ఇల్లు యాడుండాదో కనపడలేదు. అన్నీ ఒకే రకంగా ఉండాయి.”

దారి మరిచిపోయావని తమ్ముణ్ణి నలుగురిలో ఎత్తిపొడిచిన మనిషి. ఆమె ఇంటికి దారి మాకు తెలియలేదు, ఆమె ఇంటి నుంచి దారి ఆమెకు తెలియదు. ఇన్నాళ్ళూ ఆమె రావడం లేదని మేము, మేము పోవడం లేదని ఆమె.

“నువ్వు ఉన్నచోటే నిలబడక్కా,” అన్నాడు మా ఆయన. “కదలాకు. నేనే వస్తా.”

దాసమ్మకు దండం పెట్టి కారెక్కాం. ఈసారి మా ఆయన కనపడిన ప్రతి మనిషినీ అడిగాడు. పాలవాణ్ణి అడిగాడు, ఇస్త్రీబండి అతన్ని అడిగాడు, బైకు మీద పోతున్నవాణ్ణి ఆపి మరీ అడిగాడు. ఊళ్ళోకి తిరిగిపోయి, లేపాక్షి రోడ్డెక్కి, అటునుంచి రావాలన్నారు. గోడకు ఇటు పక్కనుంచి అటు పక్కకు పోవడానికి హిందూపురం మొత్తం చుట్టాలి. ఆ రద్దీలో, ఆటోల మధ్య, మార్కెట్ పక్కనుంచే పోతూ ఈయన ఆ సందుల వైపు తల తిప్పి కూడా చూడలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాడు.

“ఏం కనపడ్తాండాదక్కా ఆడ?”

“ఆర్చి ఉండాది. రెండు ఏనుగులుండాయి.”

నేను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. లేపాక్షి రోడ్డు మీద కూడా ఎక్కడ చూసినా ఏనుగులే.

“ఇంకేముండాది?”

“గొర్రెలు మేస్తాండాయి.”

గొర్రెలు మేయాలంటే ఇంకా ఇళ్ళు కట్టని నేల ఉండాలి. “ఊరు అయిపోయేదాకా పోనీలేప్పా,” అన్నాను వెంకటరాముడితో. పోగా పోగా ఒక ఆర్చీ కనపడింది. దాని వెనక సగం కట్టిన ఇళ్ళు, వాటి మధ్య బీడునేల, గొర్రెలు. ఆర్చీ కింద, ఒక ఏనుగు పక్కన, మా వదిన. నీడ కోసం అటు జరగొచ్చు, ఇటు జరగొచ్చు, జరగలేదు. కొంగు తల మీద కప్పుకుని, తమ్ముడు చెప్పిన చోటే నిలబడి ఉంది. ఆ తీగ మీది పట్టుచీరే కట్టుకుంది, మమ్మల్ని తీసుకుపోవడానికని.

మా ఆయన కారు ఆగకముందే దిగాడు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. నేను భరిణె తీసుకుని పోయి, ఎందుకో సంకోచించాను.

“ఈడ వాకిలి లేదే వదినా?”

“మా వాకిలి ఎతుక్కోని పోయేటప్పటికి పిల్ల పెండ్లి అయిపోతాది. పెట్టు మే,” అంది.

ఎవరి ఇల్లూ కాని చోట, ఎవరివో ఏనుగుల కింద, ఆమె నుదుట కుంకుమ పెట్టాను. ఇది పిలుపు అవుతుందో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె మాత్రం “వస్తాను” అంది. అని అక్కడితో ఆగలేదు, కారు తలుపు తీసి నా పక్కన కూర్చుంది. “ఇంటికి తాళమేసినా. సుధాకర్‌కు ఫోన్లో చెప్తాలే. ఈ పొద్దే ధర్మవరం పోదాం. మీ వీధిలో అయితే నేను కండ్లు మూసుకోని తిరుగుతా.”

దారిపొడవునా అక్కా తమ్ముడూ ఆపకుండా మాట్లాడుకున్నారు. దూరంగా పెనుకొండ కొండ కనపడింది. జయలక్ష్మమ్మ ఇంటికి ఇప్పుడు దర్జాగా పోవచ్చు, కాఫీ తాగొచ్చు. నా మనసు తేలికపడింది. పొద్దున కూర్చుకున్న మాటలన్నీ గుర్తొచ్చాయి.

“మన మంజుల పోయే ఇల్లు భలే ఉండాది వదినా. ఈడ హిందూపురం అవతలే, కొత్త లేఅవుటు...”

వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు ఇంకా ఎండకు కాలుతున్నాయి.

“అది సరే హేమావతీ. ఆ ఇంటికి ఎన్ని దార్లుండాయి?”

చుట్టూ ప్రహరీ, ముందు ఒకే ఒక గేటు. ఊరంతా గొప్పగా చెప్పుకున్న ఆ మాట ఇప్పుడు నా నోటికి రాలేదు.